మూడడుగుల పెట్టెలో రెండు కొండలు

డిగ్రీలో మాకు నాన్‌డిటైల్డ్‌గా డాక్టర్ జెకిల్ కథ ఉండేది. పగలు పెద్దమనిషి, మందు తాగితే రాక్షసుడు. పరీక్ష రాసేశాక ఆ పేరు మళ్లీ వినే పని పడదనుకున్నాను. కిందటేడు తోటల గురించిన ఒక పాత ఇంగ్లీషు పుస్తకం తిరగేస్తుంటే రచయిత్రి పేరు దగ్గర కళ్లు ఆగిపోయాయి. గెర్‌ట్రూడ్ జెకిల్! ఈవిడకీ ఆ డాక్టరుకీ ఏం చుట్టరికమో అని నవ్వుకున్నాను. తీరా చూస్తే చుట్టరికం నిజంగానే ఉంది. ఈవిడ తమ్ముడు వాల్టర్, నవలా రచయిత స్టీవెన్‌సన్ స్నేహితులు. 1886లో అచ్చయిన ఆ నవల రాసినప్పుడు స్నేహితుడి ఇంటిపేరే తన డాక్టరుకి తగిలించాడాయన. మనం జెకిల్ అని చదువుకున్నాం కానీ ఆ ఇంట్లోవాళ్లు జీకిల్ అనే పలికేవారట. మనమూ అలాగే అందాం.

పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు మా అత్తయ్యగారే కళ్లముందు మెదిలారు. ఎందుకో చెప్పాలంటే కాస్త మా ఇంటి సంగతి చెప్పాలి. అత్తయ్యగారికి షుగరు మూలాన చూపు బాగా తగ్గిపోయింది. మూడేళ్ల కిందట కోనసీమలో ఇంటికి తాళం పెట్టి, రాజమండ్రిలో మా ఫ్లాటుకి వచ్చేశారు. అక్కడ పెరట్లో బీరపాదు దగ్గర్నుంచి ధవనం దాకా పెంచిన మనిషి. ఇక్కడ ఆవిడ కత్తిపీట ముట్టుకుంటే నేను పరుగెత్తుకొచ్చి లాక్కునేదాన్ని. బాల్కనీ గడప తగిలి పడిపోతారేమోనని అటు వెళ్లనిచ్చేదాన్ని కాదు. మీరు హాయిగా కూర్చోండత్తయ్యగారూ అని ప్రేమగానే అనేదాన్ని. ఆవిడ సోఫాలో ఓ మూల కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, టీవీ వింటూ ఉండేవారు. ఆ చేతుల్ని నేను సరిగా చూడలేదని తర్వాత తెలిసింది.

సరే, జీకిల్ దగ్గరికి వద్దాం.

గెర్‌ట్రూడ్ 1843 నవంబరు 29న లండన్‌లో పుట్టింది. తండ్రి సైన్యంలో కెప్టెన్. ఏడుగురు పిల్లల్లో ఆమె ఐదోది. ఐదేళ్లు నిండకుండానే కుటుంబం సర్రే జిల్లాలో బ్రామ్లీ అనే ఊరికి మారింది. పెద్ద ఇల్లు, చుట్టూ చెరువులు, వాగులు, ఇసుక దారులు. ఆడపిల్ల బొమ్మలతో ఆడుకోవాలి, పియానో నేర్చుకోవాలి అనే రోజుల్లో ఈ పిల్ల కంచెల వెంట తిరిగి పూలు ఏరుకునేది, కమ్మరి కొలిమి దగ్గర, వడ్రంగి బల్ల దగ్గర నిలబడి పని చూసేది.

1861లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ ఆర్ట్ స్కూల్లో చేరింది. అప్పటికింకా పద్దెనిమిది నిండలేదు. చిత్రకారిణి కావాలన్నది ఆమె కోరిక. నేషనల్ గ్యాలరీకి వెళ్లి టర్నర్ చిత్రాల ముందు కూర్చుని వాటికి నకళ్లు రాసేది. సూర్యాస్తమయాల్లో పసుపు ఎరుపులోకి ఎలా జారుతుందో, ఎరుపు మంచులాంటి బూడిదరంగులో ఎలా కరుగుతుందో ఆయన దగ్గరే నేర్చుకుంది. కుటుంబ స్నేహితులతో కలిసి రోడ్స్ దీవి, కాన్‌స్టాంటినోపుల్, ఏథెన్స్ తిరిగొచ్చింది. తర్వాత ఇటలీ, అల్జీరియా కూడా చూసింది.

బొమ్మలతో ఆగలేదు. ఎంబ్రాయిడరీ చేసింది. వెండిపని, చెక్క చెక్కడం, చెక్కలో చెక్క పొదగడం, బంగారు పూత వెయ్యడం... ఇంట్లోకి కావలసిన వస్తువు ఏది చూసినా ఎలా తయారైందో తెలుసుకుని, తన చేత్తో చేసి చూడాలి ఆవిడకి. ఫోటోలు తీసి, తనే కడిగి ప్రింట్లు వేసుకోవడం కూడా నేర్చుకుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో పుస్తకాలవాళ్లు రకరకాలుగా ఊహించారు కానీ, ఆమె చేసిన పనుల జాబితా చూస్తే నాకు మాత్రం తీరిక దొరికి ఉండదనిపించింది!

తండ్రి 1876లో పోయాడు. తల్లి మళ్లీ సర్రేకే వచ్చి, గొడాల్మింగ్ దగ్గర మన్‌స్టెడ్ అనేచోట ఇల్లు కట్టించుకుంది. 1878లో తల్లీకూతుళ్లు ఆ ఇంట్లో దిగారు. అక్కడ తోట వేసింది కూతురే. కొన్నేళ్లకు రోడ్డుకి అవతల పదిహేనెకరాల జాగా కొనుక్కుంది. తోటల పత్రికలకి వ్యాసాలు కూడా రాయడం మొదలెట్టింది.

ఇక్కడే అసలు కష్టం వచ్చింది. ఆమెకి చిన్నప్పట్నుంచీ హ్రస్వదృష్టి. దగ్గరివి తప్ప దూరానివి కనపడవు. ఏడాదికేడాది అది ఎక్కువైంది. కుంచెతో, సూదితో గంటలకొద్దీ కళ్లకు పనిపెట్టే మనిషి కదా, నొప్పి కూడా తోడైంది. 1891లో జర్మనీలో వీస్‌బాడెన్‌కి వెళ్లి పాగెన్‌స్టెకర్ అనే పేరున్న కంటి డాక్టరుకి చూపించుకుంది. ఆయన చూసి, ఈ కళ్లు బాగుపడేవి కావనీ, బొమ్మలు వెయ్యడం, కుట్టుపని లాంటి సన్నపనులు మానుకోవాలనీ చెప్పేశాడు.

అప్పుడామెకి నలభయ్యేడు. ముప్ఫయ్యేళ్లుగా చేసిన పని. మనలో కొందరికి ఈ బాధ తెలుసు. కుట్టుమిషను మీద కాపురం నిలబెట్టిన మా మేనత్త ఒకావిడ, సూదిలోకి దారం ఎక్కడం లేదని తెలిసిన రోజున ఎవరితోనూ చెప్పకుండా మిషను మీద దుప్పటి కప్పేసింది.

నేను కథ రాస్తే గనక, డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన గెర్‌ట్రూడ్ మర్నాడు పొద్దున్నే పలుగు పట్టుకున్నట్టు రాసేదాన్ని. నిజం అంత నాటకంలా లేదు. తోటపని ఆమెకి అప్పటికే ఉంది, పది పనుల్లో ఒకటిగా. మిగతా తలుపులు మూసుకుపోతుంటే, తెరిచి ఉన్న ఆ ఒక్క వాకిట్లోంచే తన బొమ్మల్నీ, కుట్టునీ, వడ్రంగాన్నీ అన్నింటినీ బయటికి మోసుకుపోయింది. నాకు నచ్చింది అదే. పాతది వదిలేసి కొత్తది పట్టుకోలేదు, జానెడు కాన్వాసు మీద చెయ్యలేనిదాన్ని నేల మీద చేసింది.

రోడ్డవతల జాగాలో ఆమె వేసిన పూలబాట రెండువందల అడుగుల పొడవు, పద్నాలుగడుగుల వెడల్పు. వెనకాల ఎత్తయిన రాతిగోడ. ఆ చివరా ఈ చివరా బూడిదరంగు ఆకులు, నీలాలు, లేత రంగులు. నడుస్తున్నకొద్దీ లేత పసుపు, ముదురు పసుపు, నారింజ... నట్టనడుమకి వచ్చేసరికి మండిపోయే ఎరుపు. అక్కణ్ణించి మళ్లీ మెల్లగా చల్లబడుతూ అవతలి చివర. మన పట్టుచీర అంచు నేతగాడు రంగులు దింపినట్టన్నమాట. ఎర్రటి పూలు చూసి చూసి కన్ను అలిసిపోతే దానికి నీలం, బూడిదరంగు కావాలనిపిస్తుందని, అప్పుడు చూసిన నీలం మామూలు కంటే చల్లగా, శుభ్రంగా కనబడుతుందని ఆమె లెక్క. ఆకుల రూపురేఖలు విడిగా కనబడని కంటికి తోటంతా రంగుల మడుగుల్లాగే కనిపించి ఉంటుంది. ఆ మసకే ఆమెకి ఉపకారం చేసిందేమోనని నా ఊహ.

ఆ నట్టనడుమ ఎరుపులో ఏం మొక్కలు పెట్టిందో తెలుసా? డాలియాలూ, మన మెట్టతామరలూ! మనం కాలువగట్టున వదిలేసే మెట్టతామర అక్కడ రాణిలా నిలబడిందన్నమాట. పూలమళ్లు గుండ్రంగానో చదరంగానో కాకుండా, పొడుగ్గా ఏటవాలు చాళ్లలో నాటేది. ఒక జాతి పూత అయిపోయినా పక్కవి ఆ ఖాళీని కప్పేస్తాయి. అప్పటికీ ఎక్కడైనా బోసిగా కనబడితే, విడిగా కుండీల్లో పెంచి సిద్ధంగా ఉంచిన లిల్లీలూ, హైడ్రాంజియాలూ తెచ్చి కుండీతో సహా అక్కడ దింపేసేది. ఎండ సరిగా పడని ఇంటి వెనక వాకిట్లో మట్టికుండీల్లో ఫెర్న్‌లు, పెద్ద ఆకుల మొక్కలు గుంపులుగా చేర్చేది. ఫ్లాట్లలో ఉండేవాళ్లం, ఉత్తరం వైపు బాల్కనీలో ఏదీ పుయ్యదని ఏడ్చేవాళ్లం ఈ ఒక్క కిటుకు పట్టుకున్నా చాలు. పువ్వుల కోసం పాకులాడకుండా రకరకాల ఆకుల్ని ఒక్కచోట చేర్చడం!

అయితే ఒక మాట. ఆమె కలిగినింటి ఆడపడుచు. కింద తోటమాలులు చాలామందే పనిచేశారు. పదిహేనెకరాలు ఒక్కర్తే దున్నిందనుకుని మనం నడుం విరగ్గొట్టుకోనక్కర్లేదు. కానీ ఆ తోటమాలులకి చెప్పే ప్రతి పనీ తను ముందు చేసి చూసిందే.

ఇల్లు కట్టించిన సంగతి ఇంకో ముచ్చట. 1889లో ఓ పరిచయస్తుల ఇంట్లో టీకి వెళ్తే ఎడ్విన్ లుట్యెన్స్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు కనిపించాడు. ఇళ్లకు ప్లాన్లు గీయడం అప్పుడప్పుడే మొదలెట్టాడు. ఆమెకి నలభయ్యయిదు. గుర్రబ్బండి కట్టించి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని పల్లెటూళ్ల సందులన్నీ తిప్పింది. పాత ఇళ్ల కప్పులు, పొయ్యిగొట్టాలు, దూలాలు, తలుపుల గొళ్లేలు అన్నీ చూపించింది. ఆ అబ్బాయి ఆవిడకి బంప్స్ అని ముద్దుపేరు పెట్టాడు. 1897కల్లా ఆమె జాగాలో అతను కట్టిన ఇల్లు పూర్తయింది. స్థానికంగా దొరికే రాయి, ఓక్ చెక్క. ఆ ఇల్లే మన్‌స్టెడ్ వుడ్. తర్వాత ఇద్దరూ కలిసి ఎన్నో ఇళ్లూ తోటలూ చేశారు. ఇల్లు అతనిది, మొక్కలు ఆమెవి.

ఆ కుర్రాడే తర్వాత మన ఢిల్లీలో రాష్ట్రపతి భవన్, ఇండియా గేట్ కట్టిన లుట్యెన్స్. నిజాం నవాబు కోసం హైదరాబాద్ హౌస్ కట్టిందీ ఆయనే. విదేశాల నుంచి వచ్చే పెద్దలతో మన ప్రధానులు మాట్లాడే మేడ, టీవీలో మీరూ చూసే ఉంటారు. ఆయన గీసిన తోటబల్ల ఒకటుంది. వీపు దగ్గర అల వంపు, చేతులు రెండుపక్కలా చుట్టలు తిరిగి ఉంటాయి. లిటిల్ థేక్‌హమ్ అనే ఇంటి కోసం 1902 ప్రాంతంలో గీసిందది. ఇవాళ్టికీ దేశదేశాల్లో వడ్రంగులు దానికి నకళ్లు చేస్తూనే ఉన్నారు. మా ఆయన దాని బొమ్మ చూసి బాల్కనీలో చేయిద్దామన్నారు. కొలిస్తే బల్ల పెడితే మనుషులం పట్టం. చివరికి అత్తయ్యగారి పాత ముక్కాలి పీట ఊరినుంచి తెచ్చుకున్నాం.

పీటంటే గుర్తొచ్చింది. మిల్లు సరుకు వచ్చి పల్లెల్లో పాతసామాను మూలపడుతున్న రోజులవి. జీకిల్ ఊరూరా తిరిగి రైతుల ఇళ్లలోని కుర్చీలు, బల్లలు, దీపపు సెమ్మెలు, పొయ్యిమీద గిన్నె వేలాడదీసే కొక్కేలు సేకరించి ఫోటోలు తీసింది. వాటిమీద 1904లో పుస్తకం వేసి, సామాను గిల్డ్‌ఫర్డ్ మ్యూజియానికి ఇచ్చేసింది. ఆ పేజీలు తిప్పుతుంటే నాకు గుండె కలుక్కుమంది. ఊళ్లో తిరగలిని చోటు లేదని వదిలించుకున్నది నేనే మరి.

ఆమె మొదటి పుస్తకం వచ్చింది 1899లో. అంటే యాభయ్యయిదేళ్ల వయసులో! ఆ తర్వాత వరసగా డజనుకు పైగా పుస్తకాలు, వెయ్యికి మించి వ్యాసాలు. ఇంట్లో పూలు అమర్చుకోవడం మీద ఒకటి, పిల్లల చేత తోటపని చేయించడం మీద ఒకటి. బజార్లో దొరికే పూలగ్లాసులు సన్నమూతివనీ, నీళ్లు చాలవనీ విసుక్కుని తనే కొత్త గాజు పాత్రలు గీసి చేయించింది. వేసవిలో గులాబీ రేకులు ఒలిపించి, ఉప్పు చల్లి జాడీల్లో కుక్కి, లవంగం, కమలాతొక్కలు, సువాసన ఆకులు కలిపి ఏడాదంతా ఇల్లు ఘుమఘుమలాడేలా ఊరబెట్టేది. మన ఆవకాయ పట్టే హడావుడే, తినేది కాదంతే. ఇక తినేవాటి సంగతంటారా, ఎదురింట్లో తమ్ముడి భార్య ఆగ్నెస్ ఉంది. ఆవిడ టైమ్స్ పత్రికలో వంటల మీద రాసిన వ్యాసాలు 1922లో పుస్తకంగా వచ్చాయి. రోడ్డుకి ఇటు తోట, అటు వంటిల్లు!

ఇన్నింటిలో నన్ను పట్టుకుని వదలని ముచ్చట మాత్రం ఒకటుంది. ఉత్తర ఇంగ్లండులో ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కుర్రాడు, తనకి కిటికీలో పెట్టెతోట కావాలనీ, ఏమీ తెలియదనీ, ఎవరైనా సలహా చెప్పమనీ ఒక పత్రికలో ప్రకటన వేశాడు. దొరల బంగళాలకు తోటలు గీసే జీకిల్ దాన్ని చూసి తనే సలహా పంపింది. పెట్టె కొలత మూడడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు. చిన్న చిన్న రాతిమొక్కలు, కాసిని దుంపలు పోస్టులో పంపింది. రాళ్లు కూడా పంపింది! అందులో ఎత్తూ పల్లంగా రెండు కొండలు ఉండాలట, మధ్యలో పొడుగాటి లోయ ఉండాలట, లోయకి ఒకపక్క ఎండ, ఒకపక్క నీడ. ఆ కుర్రాడు సంబరంగా ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. మొక్కలమీద ప్రేమకొద్దీ ఎరువు కుమ్మరించి చంపేయకుండా అతన్ని ఆపడమే ఆమెకి కష్టమైందట. (కడియం నర్సరీలో కొన్న గులాబీకి గుప్పెడు డీఏపీ వేసి మూడోరోజుకి మాడ్చిన నాకు, ఆ కుర్రాడు తోడబుట్టినవాడిలా అనిపించాడు.) ఆ పొగ ఊళ్లో పొద్దున లేస్తూనే అతను ఆ బుల్లి లోయలోకి ఎలా చూసి ఉంటాడో అని ఆమె తలుచుకునేది.

ఆమె వేసిన తోటలు నాలుగువందల దాకా ఉంటాయని లెక్క. వయసు మళ్లాక చాలావాటిని చూడకుండానే చేసింది. స్థలం నక్షా, మట్టి పంపిస్తే ఇంట్లో బల్లముందు కూర్చుని ఏ మొక్క ఎక్కడో గీసి పంపేది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్సులో సైనికుల శ్మశానాలు కొన్నింటికి పూలమొక్కల ప్లాన్లు ఇచ్చింది. గొడాల్మింగ్ మహిళల ఓటుహక్కు సంఘానికి జెండా రూపొందించి ఇచ్చింది. అన్నట్టు, మిస్ జీకిల్ అనే పేరున్న నీలిపూల మొక్క ఉంది. అది మన నల్లజీలకర్రకి అక్కచెల్లెలే.

1920లో లుట్యెన్స్ పట్టుబట్టి విలియం నికల్సన్ అనే చిత్రకారుడి చేత ఆమె బొమ్మ వేయించాడు. తన మొహం బొమ్మ వేసేటంత బావుండదని ఆమె అభిప్రాయం. పైగా వెలుగున్నంతసేపూ తోటలో పని మానదు. చీకటి పడ్డాక దీపం దగ్గర కూర్చునేది. పగలు ఖాళీగా ఉండలేక ఆయన, తలుపు దగ్గర ఆమె విప్పిన పాత బూట్ల బొమ్మ వేశాడు. అరిగి, పెదాలు విప్పిన ఆ బూట్లు ఇప్పుడు లండన్ టేట్ గ్యాలరీ సొత్తు.

1932 డిసెంబరు 8న, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, మన్‌స్టెడ్ వుడ్‌లోనే పోయింది. సమాధి రాయి గీసింది లుట్యెన్సే. తోటలు మనుషుల్లాంటివి కావు, చూసేవాళ్లు లేకపోతే నాలుగేళ్లలో అడవైపోతాయి. ఆమె చేసినవాటిలో చాలా భాగం అలాగే పోయాయి. మన్‌స్టెడ్ వుడ్ ఆస్తినీ ముక్కలు చేసి అమ్మేశారు. ఆమె గీసిన కాగితాల్ని మాత్రం బియాట్రిక్స్ ఫారండ్ అనే అమెరికన్ తోటల నిపుణురాలు కొని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. ఆ కాగితాల వల్లే కొన్ని తోటల్ని మళ్లీ ఉన్నదున్నట్టు నాటగలిగారు. 2023లో మన్‌స్టెడ్ వుడ్‌ని నేషనల్ ట్రస్టు కొన్నది.

ఇంతకీ అత్తయ్యగారి దగ్గర మొదలెట్టాను కదూ! జీకిల్ ఒకచోట, గాలికి ఆకులు చేసే చప్పుడుని బట్టి తాను ఏ చెట్టు దగ్గర ఉన్నదీ చాలామటుకు చెప్పగలనని రాసుకుంది. చూపు తగ్గినకొద్దీ చెవులూ ముక్కూ పదునెక్కాయన్నమాట. ఆ భాగం అత్తయ్యగారికి తెలుగులో చెప్పాను. ఆవిడ ఇందులో వింతేముందన్నట్టు విన్నారు. రావాకు చప్పుడు, మామిడాకు చప్పుడు ఒకటేనా అని నన్నే అడిగారు.

మర్నాడు వడ్రంగి చేత పెట్టె చేయించాను. మూడడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు. సరిగ్గా బాల్కనీ గ్రిల్లుకి పట్టింది. గడపకి రెండువైపులా పట్టుకోడానికి కమ్మీ బిగించాం. ఆ పని మూడేళ్ల కిందటే చేసి ఉండాల్సింది. కొండలూ లోయా పెట్టాలని నా సరదా, కానీ అత్తయ్యగారు ఒప్పుకోలేదు. రాళ్లు తీయించేసి, వేళ్లతో మట్టి నలిపి చూసి, ఇసుక చాలదని ఇంకో రెండు డొక్కులు పోయించారు. మరువం, ధవనం, తులసి, వామాకు, చివర్న పుదీనా. ఏది ఎక్కడుందో నాకు చూస్తేగానీ తెలియదు, ఆవిడకి వేలు తగిలితే చాలు. పీట వేసుకుని పొద్దున్నే అక్కడ కూర్చుంటున్నారు. నేను వేసిన నీళ్లు ఎక్కువయ్యాయని రోజూ తిడుతున్నారు.

నిన్న సాయంత్రం చినుకులు పడుతుంటే, బజ్జీలకని తనే తడుముకుని వామాకు కోసి తెచ్చారు. మేం నలుగురం, మనిషికి ఐదు చొప్పున ఇరవై. లెక్క తప్పలేదు. శనగపిండి కలిపింది నేనే. ఉప్పు తక్కువైందన్నారు.